నార్మన్ సారు కుక్కరు

దస్తగిరి ముక్కుకు అందని వాసన సౌదీ అరేబియాలో లేదు. ఈ మాట ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను. రాస్ తనూరా రేవులో క్యాంపు గడప మీద నిలబడి ఎక్కడో దూరాన హుఫూఫ్‌లో ఏ తోటలో ఖర్జూరం మగ్గిందో చెప్పేవాడు. సముద్రం మీది నుంచి గాలి తిరిగితే చాలు, ఇంకా కంటికి ఆనని ఓడలో వంటవాడు మలయాళీయా ఫిలిప్పీనోనా అన్నది తేల్చేసేవాడు. ఒకసారి మేనేజరు కారెక్కగానే, మీ ఇంట్లో పాలు పొంగినాయి సార్ అన్నాడు. మేనేజరు అనుమానంగా ఇంటికి ఫోన్ చేస్తే, పొయ్యి తుడుస్తున్నాం ఉండమన్నారు. అంతటి ముక్కున్న మనిషి ఒక కరెంటు కుక్కరు దగ్గర బోర్లాపడ్డాడు. ఎట్లా పడ్డాడో వినండి.

దస్తగిరిది జమ్మలమడుగు పక్కన పల్లె. కంపెనీలో పికప్ బండి తోలతాడు. వారమంతా పైపులు, వాల్వులు, వెల్డింగు సామాను మోసిన ఆ బండి శుక్రవారం పొద్దున మాత్రం సైకిళ్ల వెనక నడుస్తుంది. కాంపౌండులో ఉండే ఇంగ్లండు ఇంజనీర్లకు సెలవు రోజున సైకిలు తొక్కకపోతే తిన్నది అరగదు. వాళ్లు ముందు తొక్కుతుంటే దస్తగిరి విడి చక్రాలు, ట్యూబులు, నీళ్ల సీసాలు, ఒక కేకు డబ్బా వేసుకుని వెనక పాకుతూ పోవాలి. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వెనక జనరేటరు బండి పోతుంది చూడండి, అట్లా.

మామూలుగా అయితే సుఖమైన పని. కానీ ఆ ఏడు చలి మొదలయ్యేసరికి దస్తగిరికి సుఖం పోయింది. కారణం, ఊరికి పోయే రోజు దగ్గరపడటం. ఖురూజ్ ఔదా, అంటే ఊరికి పోయి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి, కంప్యూటర్లో పడింది. టికెట్టు చేతికొచ్చింది. ఊళ్లో మనవరాలు అఫ్షాన్ ఉంది. దస్తగిరి ఇక్కడికి వచ్చాక పుట్టిన పిల్ల. అబ్బను, అంటే తాతను, ఫోనులో తప్ప చూడలేదు. అందుకని ఆ పిల్ల ఫోనునే అబ్బ అంటుంది. ఛార్జింగు పెడితే అబ్బ అన్నం తింటాండాడు అంటుంది. ఫోను కింద పడి అద్దం చిట్లిన రోజున అబ్బకు దెబ్బ తగిలిందని ఏడ్చి, దాని మీద పసుపు పూసింది. ఈసారి పోయి, నేనమ్మా మీ అబ్బను, అది కాదు అని చెప్పుకోవాలి. దస్తగిరికి ఉన్న కోరిక అది ఒక్కటే.

కోరిక ఒక్కటే ఉన్నవాడికి భయాలు వంద ఉంటాయి. అన్నిటికీ పెద్దది ఇమ్రాన్ భయం. దస్తగిరి కంటే ముందు ఈ బండి తోలిన అనంతపురం మనిషి ఇమ్రాన్. ఏదో చెక్‌పాయింటులో అతని సీటు కింద ఒక సీసా దొరికింది. సీసాలో సిద్దీఖీ ఉంది. ఇక్కడ దొంగచాటుగా కాచే సారాకు అది ముద్దుపేరు, నీళ్లలా తేటగా ఉంటుంది. సీసా ఎవరిదో ఇవాళ్టికీ తెలియదు. బండిలో ఎక్కినవాళ్లందరూ దిగిపోయారు, దిగలేనివాడు డ్రైవరు ఒక్కడే. వేలిముద్రలు తీసుకుని పంపించేశారు. ఇప్పుడు అనంతపురంలో ఆటో తోలుతున్నాడు. సీసా నాది కాదని ఎక్కిన ప్రతివాడికీ చెబుతాడట, అడగకపోయినా.

అప్పటి నుంచి దస్తగిరి తన బండిలో ఎక్కే ప్రతి వస్తువునూ, ప్రతి మనిషినీ కనిపెట్టి చూడటం మొదలుపెట్టాడు. కనిపెట్టి చూస్తే ఎవడు మాత్రం తిన్నగా కనిపిస్తాడు? అందులోనూ ఆ సైకిళ్ల ఇంగ్లీషువాళ్లు.

వాళ్లకు పెద్ద నార్మన్ సారు. అరవై దగ్గర మనిషి, తెల్ల మీసం, ఒంటరి కాపురం. వాళ్ల దేశంలో చలికాలం రాగానే గడియారాలు గంట వెనక్కి తిప్పుతారట. ఆ రోజే సైకిలుకు మడ్‌గార్డులు బిగించాలి, అది ఆయన నియమం. వెనక వచ్చేవాడి మొహాన బురద చిమ్మడం మర్యాద కాదు, మడ్‌గార్డు లేనివాడు వరుసలో ఆఖరికి పోవాలి. మర్యాద బాగానే ఉంది, బురదేది? ఇక్కడ గడియారాలు ఎవరూ తిప్పరు. వాన పడిందంటే పెద్దవాళ్లు ఫోన్లు పట్టుకుని ఫోటోలు తీయడానికి పరిగెడతారు. అటువంటి చోట ఒక మనిషి ఏటేటా మడ్‌గార్డులు బిగిస్తున్నాడంటే, బురద కోసం కాదు, వాటి కింద ఏదో దాస్తున్నాడని దస్తగిరికి తోచింది. ఒకసారి పంచరు చూసే నెపంతో వేలు పెట్టి తడిమాడు. వేలికి మసి అంటింది. ఎంత జాగ్రత్తగా దాచాడో అనుకున్నాడు.

రెండోవాడు జెఫ్. గడ్డం పెంచి కాళ్లు గొరుక్కునే మనిషి. అవును, కాళ్లే. నున్నగా, సానపెట్టిన చెక్కలా. గాలికి అడ్డం రాకుండానట. మడ్‌గార్డులంటే ఈయనకు పడదు, బరువంటాడు. గంట కూడా పెట్టడు. ఎడారిలో ఒంటెకు గంట కొడతావా అని నార్మన్ సారును ఎకసెక్కం చేస్తాడు. నార్మన్ సారు మాత్రం ఒంటెకు కూడా కొడతాడు. తలకు టోపీ పెట్టాలా వద్దా, పక్కపక్కన ఇద్దరు తొక్కవచ్చా, మేజోళ్లు ఎంత ఎత్తుండాలి, టీ దారిలో ఆగినప్పుడు తాగాలా తొక్కడం అయ్యాక తాగాలా, ఆ ఇద్దరూ దేని మీదా ఒక మాట మీద నిలబడలేదు. అయినా వారం వారం కలిసే పోతారు. అంతగా పడనివాళ్లు అంతగా కలిసి తిరగడం కూడా దస్తగిరికి అనుమానమే.

ఇక సైగలు. ముందున్నవాడు ఉన్నట్టుండి చెయ్యి కిందికి దించి నేలను చూపిస్తాడు. వెనకవాడు చూపిస్తాడు. ఆ వెనకవాడూ చూపిస్తాడు. దస్తగిరి బండి ఆపి అక్కడ దిగి చూస్తే కోడిగుడ్డంత గుంత. ఒక్కోసారి ఎడమచెయ్యి నడుము వెనక పెట్టి అటూ ఇటూ ఊపుతారు, అందరూ పక్కకు జరుగుతారు. ఎదురుగా ఎవడో ముక్కూమొహం తెలియని సైకిలువాడు వస్తే హ్యాండిలు మీది నుంచి ఒక వేలు పైకెత్తుతారు. వాడూ ఎత్తుతాడు. మాటా పలుకూ లేదు. ఇందులో సైకిలు తొక్కేవాళ్ల మర్యాద తప్ప ఇంకేమీ లేదని మనకు తెలుసు. సీటు కింద సీసా దొరికిన కథ విన్నవాడికి తెలియదు.

ఇంత ఎండుగడ్డి పోగైన చోట నిప్పురవ్వ వేసింది రత్తమ్మ.

రత్తమ్మది నరసాపురం దగ్గర. కాంపౌండులో విల్లాలు తుడిచే పని. ఒక గురువారం సాయంత్రం చీపురు చంకన పెట్టుకుని బండి దగ్గరికి వచ్చింది.

"దస్తగిరి గారండీ, మీ నార్మన్ సారు అన్నం తింటాడాండీ?"

"రొట్టె తింటాడు. ఏం మ్మే?"

"అన్నం తిననోడికి కరెంటు కుక్కరెందుకండీ? గురువారం గురువారం ఆ సైకిళ్ల గదిలో తలుపేసుకుని పెడతాడండి. ఇవాళ తలుపు తీసుంటే తొంగిచూశానండి."

"లోపల ఏముండాది?"

"నీళ్లండి. కానీ నీళ్లు కావండి."

"అదేం మాట మ్మే, ఒకటే చెప్పు."

"నీళ్లయితే మసలాలి కదండీ. ఇది అద్దంలాగ అలా నిలబడి ఉందండి. ముట్టుకోబోతే నో నో అని ఇంతెత్తున అరిచి తలుపేసేశాడండి బాబూ. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషండి."

దస్తగిరి లెక్క వేసుకున్నాడు. నీళ్లలా తేటగా ఉండి నీళ్లు కానిది సౌదీలో ఒకటే ఉంది. దాని వల్లనే ఇమ్రాన్ ఆటో తోలుతున్నాడు. నార్మన్ సారు తన బండిలో పెట్టించే నీళ్ల సీసాలు కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి.

మరుసటి పొద్దున చక్రాలు సర్దే మిషతో ఆ గదిలోకి పోయి, ముక్కును పనిలో పెట్టాడు. కుక్కరు అలమారాలో ఉంది, తాళం వేసి ఉంది. అలమారా సందులో ముక్కు పెట్టాడు. చక్రాల దగ్గర పెట్టాడు. ఒక్కో సీసా మూత తీసి పెట్టాడు. ఎక్కడా ఏ వాసనా లేదు. వాసన లేకుండా సారా కాచగలిగాడంటే ఈయన మామూలు ఇంజనీరు కాదని, భయానికి తోడు కాస్త గౌరవం కూడా కలిగింది.

ఇక్కడ ఒక మాట. మొదట్లో ముక్కు గురించి చెప్పింది కొట్టేసుకోండి. దుమ్ముగాలుల కాలం నుంచీ దస్తగిరికి జలుబు. ఆ మూడు నెలలూ కిరోసినుకీ అత్తరుకీ తేడా తెలిసేది కాదు, కూరలో ఉప్పు కూడా కళ్లతో చూసి వేసుకునేవాడు. ముక్కు బాగున్న రోజుల్లో కూడా మన ముక్కుల్లాంటిదే, రెండు బెజ్జాలు. మేనేజరు ఇంట్లో పాలు పొంగిన సంగతి రత్తమ్మ ఫోన్ చేసి చెప్పింది.

కానీ మనిషి ఒకసారి తన ముక్కును నమ్మాక, అది పనిచేయకపోయినా నమ్ముతూనే ఉంటాడు. దస్తగిరి వంగి వంగి వాసన చూస్తుంటే తలుపు దగ్గర నార్మన్ సారు నిలబడి ఉన్నాడు.  మీసం ఒకసారి దువ్వుకున్నాడు. ఆ వారం నుంచి ఆ గదికే తాళం పడింది. చూశావా, దొంగ జాగ్రత్తపడ్డాడు అనుకున్నాడు దస్తగిరి.

అట్లా ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూ ఉండగా హుఫూఫ్ ప్రయాణం వచ్చింది. అక్కడి ఖర్జూరపు తోటల మధ్య సన్నటి నీడ దారులు సైకిలుకు భలే ఉంటాయి. అక్కడ ఇంకొందరు ఇంగ్లీషువాళ్లు కలుస్తారు. రాస్ తనూరా నుంచి దూరం గనక, సైకిళ్లన్నీ పికప్‌లో వేసుకుని దస్తగిరి ఒక్కడూ రావాలి. సార్లందరూ జెఫ్ కారులో ముందు పోతారు.

బయలుదేరే వేళకు నార్మన్ సారు తువ్వాలులో చుట్టిన మూట ఒకటి రెండు చేతులా పట్టుకొచ్చాడు, బాలింత బిడ్డను తెచ్చినట్టు. దస్తగిరి పక్క సీటులో పెట్టాడు. దానికి బెల్టు కూడా పెట్టాడు. ఒరగనివ్వద్దు, మూత తీయవద్దు, ఎవరినీ తీయనివ్వవద్దు అని వేలు ఆడించి చెప్పి, పోయి జెఫ్ కారులో కూర్చున్నాడు. తువ్వాలు అంచు కింద నుంచి కుక్కరు వైరు తోకలా వేలాడుతోంది.

దస్తగిరి దాన్ని చూశాడు. అది దస్తగిరిని చూసింది.

వద్దని చెప్పి దిగిపోవచ్చు. దిగితే వేరే డ్రైవరు వస్తాడు, కానీ ఊరికి పోయే ముందు పని కాదన్నాడని మేనేజరు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెవిన వేస్తే అనుమతి ఆగినా ఆగవచ్చు. తోలుకుపోతే చెక్‌పాయింటు ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన బెల్టు పెట్టుకున్న కుక్కరు. బిస్మిల్లా అని బండి కదిలించాడు. దారి పొడవునా మెలిక వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి తనంతట తానే పోయి కుక్కరును పట్టుకునేది. ఒలికితే వాసన బయటికొస్తుందని భయం, తనకు రాని వాసన.

పెట్రోలు బంకు దగ్గర ఆగాడు. ముందు కారు కనుచూపు మేరలో లేదు. లోపల ఉన్నది చూసి తేల్చుకుంటే పోతుంది అనుకుని, చుట్టూ చూసి, తువ్వాలు జరిపి, మూత వేలెడంత ఎత్తాడు.

నీళ్లు లేవు. తెల్లగా, గట్టిగా, అడుగు నుంచి అంచు దాకా గడ్డకట్టిన ఏదో ఉంది. మధ్యలో నల్లటి చార.

సారా అయితే జైలుతో పోయేది. సారా గడ్డకట్టదు. మరి గడ్డకట్టే తెల్లటిది ఏమిటి? ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా దస్తగిరికి ధైర్యం చాలలేదు. దానికి ఈ దేశంలో తల తీస్తారని క్యాంపులో గోడలకు కూడా తెలుసు. మూత వేసేశాడు. మొహం కడుక్కోవడానికి పోయి కడుక్కోకుండానే తిరిగొచ్చాడు. ఫోను తీసి అఫ్షాన్ బొమ్మ చూసుకున్నాడు. నేను రాకపోతే ఆ పిల్లకు ఎప్పటికీ ఫోనే అబ్బ అనుకున్నాడు. కుక్కరును బంకు వెనక ఇసుకలో పారేద్దామని చూస్తే పైన కెమెరా ఉంది.

చెక్‌పాయింటు వచ్చింది. శుక్రవారం కదా, రద్దీ లేదు. కుర్రవయసు సిపాయి ఒకడు కుర్చీలో కూర్చుని, వచ్చే బండ్లను చేత్తో పోపొమ్మంటున్నాడు. దస్తగిరి బండిలో సైకిళ్లు చూసి నవ్వి, పోపొమ్మన్నాడు.

పోవచ్చు. దారి ఖాళీ. కాలు ఎక్సిలరేటరు మీద ఉంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని మన సామెత. ఇక్కడ దొంగ అని ఎవరూ అనలేదు. గుమ్మడికాయలూ లేవు. దస్తగిరి బండి ఆపి, అద్దం దించి, పక్క సీటు వైపు వేలు చూపించి, వచ్చిన అరబ్బీలో అన్నాడు:

"హాదా మాఫీ హగ్ అనా."

ఇది నాది కాదు అని.

సిపాయి నవ్వు ఆగిపోయింది. కుర్చీలోంచి లేచాడు. "ఏది నీది కాదు?"

ఇంకేముంది. బండి పక్కకు పెట్టించారు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు తీసుకున్నారు. కుక్కరు బెల్టు విప్పి గదిలోకి తీసుకుపోయి బల్ల మీద పెట్టారు. ఆఫీసరు వచ్చాడు. మూత తీశాడు. తెల్లటి గడ్డను చూశాడు, దస్తగిరిని చూశాడు, మళ్లీ గడ్డను చూశాడు. ఆయన కోప్పడలేదు, అరవలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అదే దస్తగిరికి ప్రాణం మీదికి వచ్చినట్టనిపించింది. నీది కాకపోతే ఎవరిది అంటే ఇంగ్లీషు సారుది అన్నాడు. ఏమిటిది అంటే తెలియదన్నాడు. తెలియనిదాని గురించి నాది కాదని ముందే ఎందుకు చెప్పావు అంటే, మళ్లీ నాది కాదన్నాడు.

నార్మన్ సారుకు ఫోన్ పోయింది. జెఫ్ కారు వెనక్కి తిరిగి వచ్చింది. సార్లందరూ ఆ బిగుతు బట్టల్లోనే దిగారు. జెఫ్ కాళ్ల నునుపు చూసి సిపాయి చూపు తిప్పుకున్నాడు.

నార్మన్ సారు కుక్కరును చూడగానే మూత ఎవరు తీశారని అడిగాడు. ఇసుక పడుతుందన్నాడు. ఇదేమిటో చెప్పమని ఆఫీసరు అంటే, మైనం అన్నాడు. కొవ్వొత్తి మైనం. కుక్కరులో కరిగించి, అందులో సైకిలు చైను ముంచి తీస్తే, ఆరాక దానికి దుమ్ము అంటదట. ఆ నల్లచార చైను వదిలిన మసట. నూనె రాస్తే ఇసుక పట్టుకుని చైను అరిగిపోతుందట. హుఫూఫ్‌లో మావాళ్లు నమ్మడం లేదు, చూపిద్దామని తీసుకుపోతున్నానన్నాడు.

ఆఫీసరు నమ్మలేదు. నమ్మడానికి అదేమన్నా నమ్మే మాటా? సైకిలు చైనును కుక్కరులో వండుతానని చెప్పేవాడిని నేనైనా నమ్మను.

"చేసి చూపించు" అన్నాడు ఆఫీసరు.

చెక్‌పాయింటులో టీ కాసే బంగ్లాదేశీ ఒకడున్నాడు. అతనికి ఒక పాత సైకిలుంది. అది వస్తుంటే రోడ్డు అవతల ఒంటెలు కూడా తల తిప్పి చూసేటంత కిర్రుమంటుంది. దాని చైను విప్పారు. కుక్కరు తీగ ప్లగ్గులో పెట్టారు. నార్మన్ సారు చైనును ముందు పెట్రోలులో కడగాలన్నాడు, తర్వాత వేడినీళ్లతో కడగాలన్నాడు, తర్వాత గుడ్డతో ఒక్కో లింకూ తుడవాలన్నాడు. సిపాయి ఆ పనికి కూర్చున్నాడు.

అప్పటిదాకా గోడకానుకుని చేతులు కట్టుకున్న జెఫ్ ఇక ఉండలేకపోయాడు. ఇంత గొడవెందుకు, రెండు చుక్కల నూనె చాలు అన్నాడు.

నార్మన్ సారు తిరిగి చూశాడు. ఇక్కడ కూడానా జెఫ్ అన్నాడు.

ఇక్కడైతే ఏం, అబద్ధం అబద్ధమే అన్నాడు జెఫ్. మైనం వానలో నిలవదన్నాడు. నీ నూనె ఎండలో నిలుస్తుందా అన్నాడు నార్మన్ సారు. నీ చైను మార్చి ఎన్నాళ్లయింది చెప్పమన్నాడు జెఫ్. నీకు మడ్‌గార్డులు లేని సంగతి చెప్పమంటావా అన్నాడు నార్మన్ సారు. ఆ మాట మీద ఇద్దరూ మడ్‌గార్డుల్లోకి, మడ్‌గార్డుల్లోంచి గంటలోకి, గంటలోంచి మేజోళ్లలోకి పోయారు. తక్కిన సార్లు కూడా పక్షాలు కట్టారు. ఆఫీసరుకు ఇంగ్లీషు బాగానే వచ్చు. మొదట గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అనుమానంగా విన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని విన్నాడు. ఒక పట్టాన అది ఆగేటట్టు లేకపోయేసరికి బల్ల మీద వేలితో కొట్టి దస్తగిరిని అడిగాడు.

"వీళ్లు ఎప్పుడూ ఇంతేనా?"

"వారం వారం ఇంతే సార్" అన్నాడు దస్తగిరి. ఆ రోజు అతను ధైర్యంగా చెప్పిన మాట అదొక్కటే.

"నేను ఇక్కడ చాలామంది దొంగలను చూశాను" అన్నాడు ఆఫీసరు. "దొంగలు ఇంత చిన్న విషయానికి ఇంతసేపు కొట్లాడరు."

ఈలోగా కుక్కరులో తెల్లగడ్డ కరిగింది. కరిగి తేటగా, అద్దంలా, నీళ్లు కాని నీళ్లలా నిలబడింది. రత్తమ్మ చూసింది ఇదే. దస్తగిరి దాని మీదికి వంగాడు. ఆ వేడికి ఏమయిందో, ఇన్నాళ్లూ మూసుకున్న ముక్కులో ఒక పక్క తెరుచుకుంది. కరెంటు పోయిన రాత్రుల్లో వాళ్ల ఇంట్లో వచ్చే వాసన అది. కొవ్వొత్తి వాసన.

చైను ముంచి తీసి, ఆరబెట్టి, బిగించారు. బంగ్లాదేశీ ఎక్కి చెక్‌పాయింటు చుట్టూ తిరిగాడు. చప్పుడు లేదు. అతను భయపడి దిగి, తన సైకిలేనా అని చూసుకున్నాడు. ఆఫీసరు మొదటిసారి నవ్వి, దస్తగిరి ఇఖామా కార్డు తన చేత్తోనే అతని జేబులో పెట్టాడు. మళ్లీ ఎప్పుడూ అడగకముందు జవాబు చెప్పకు అన్నాడు.

అందరూ బయటికి వచ్చాక నార్మన్ సారు పికప్ దగ్గరికి వచ్చాడు. వచ్చీరాని హిందీ, ఇంగ్లీషు కలిపి, అందులో ఏముందనుకున్నావు అని అడిగాడు. దస్తగిరి తల వంచుకుని సిద్దీఖీ అన్నాడు. తర్వాత, అంతకంటే పెద్దది అన్నాడు.

నార్మన్ సారు మొహం మీసం దాకా ఎర్రబడింది. కాసేపు సైకిళ్ల కట్లు సరిచేస్తున్నట్టు నటించాడు. ఆ గదికి తాళం ఎందుకు వేశానో తెలుసా అన్నాడు చివరికి. పొద్దున్నే వచ్చి ఎవరో చక్రాలను ఒక్కొక్కటే వాసన చూస్తున్నారు. చక్రాల వెల కడుతున్నాడు, ఇక నాలుగు రోజుల్లో ఊరికి పోతాడట, పోతూ పోతూ పట్టుకుపోతాడని నేననుకున్నాను, అన్నాడు.

దస్తగిరి నోరు తెరిచాడు. "నేను దొంగనా సార్?"

"నేను సారా కాచేవాడినా దస్తగిరీ?"

ఇద్దరికీ ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. నార్మన్ సారు కేకు డబ్బా తెరిచాడు. వాళ్లలో ఆ డబ్బా దారి సగమయ్యాక తప్ప తెరవకూడదని నియమం. జెఫ్ అది గుర్తు చేయబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నం హుఫూఫ్ తోటల్లో వాన పడింది. చినుకులు కాదు, వాన. ఖర్జూరపు మట్టలు ఊగిపోయి, దారి పొడవునా చాక్లెట్టు రంగు నీళ్లు కట్టాయి. జెఫ్ వెనక చక్రం బురదను చిమ్మి చిమ్మి, నడుము నుంచి మెడ దాకా గీత గీసింది. నార్మన్ సారు మడ్‌గార్డుల కింద పెళ్లికొడుకులా పొడిగా ఉన్నాడు.  గంట మాత్రం కొట్టాడు. నియమం ప్రకారం జెఫ్ వరుసలో ఆఖరికి పోయి, పికప్ ముందు తడుస్తూ తొక్కాడు. వైపరు తిరుగుతున్న అద్దంలోంచి అది చూస్తూ దస్తగిరి కళ్లనీళ్లు వచ్చేటట్టు నవ్వాడు. ముందు వరుసలో ఎవరో చెయ్యి దించి నేలను చూపించారు. దస్తగిరి కూడా కిటికీలోంచి చెయ్యి దించి చూపించాడు, వెనక ఎవరూ లేకపోయినా.

అనుకున్న రోజుకే ఊరు చేరాడు. ఇల్లంతా సంబరం, అఫ్షాన్ తప్ప. ఆ పిల్ల తల్లి కొంగు వెనక నుంచి ఈ మనిషిని పైకీ కిందికీ చూసింది. ఇది నాది కాదు అన్నట్టే చూసింది. నేనమ్మా అబ్బను అంటే తల అడ్డంగా ఊపి, గూట్లో ఛార్జింగులో ఉన్న ఫోనును చూపించింది. బొమ్మలిచ్చినా దగ్గరికి రాలేదు. తను కుక్కరును ఎట్లా చూశాడో ఆ చూపే తన మీదికి తిరిగి వచ్చిందని దస్తగిరికి అర్థమైంది. అనుమానించేవాడికి మాటలతో చెప్పి ప్రయోజనం లేదు, చేసి చూపించాలి.

ఊరికి బయలుదేరేటప్పుడు నార్మన్ సారు చేతిలో పెట్టిన ఇత్తడి గంట సంచీలో ఉంది. ఇంట్లో మూలనున్న పాత సైకిలును బయటికి తీసి, దానికి ఆ గంట బిగించాడు. వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి ఊరికే తిరిగాడు, పిల్ల వైపు చూడకుండా. గుమ్మం ముందుకు వచ్చినప్పుడల్లా గంట కొట్టి, హ్యాండిలు మీది నుంచి ఒక వేలు ఎత్తాడు. కాసేపటికి కొంగు వెనక నుంచి ఒక చిన్న వేలు లేచింది. తర్వాత పిల్ల లేచింది. ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి కూర్చోబెడితే, గంట మీద అరచెయ్యి వేసుకుని, వీధి మలుపు తిరిగేదాకా ఆలోచించి అడిగింది.

"ఫోన్లో నుంచి యట్ల వచ్చినావు అబ్బా?"

ఇదీ కథ. ఇందులో ఒక సంగతి నేను కల్పించాను, అదీ చెప్పేస్తాను. మేనేజరు పాల సంగతీ ఓడలో వంటవాడి సంగతీ మీరెలాగూ నమ్మలేదు గనక అవి లెక్కలోకి రావు. కుక్కరు నిజం, దానికి బెల్టు పెట్టడం నిజం, అడగకముందే ఆపి నాది కాదనడం నిజం. వాన మాత్రం నేను కురిపించిందే. ఆ రోజు హుఫూఫ్‌లో ఎండ మండిపోయింది. జెఫ్ వీపు మీద చుక్క పడలేదు. కానీ అన్నేళ్లుగా ఆ మనిషి గడియారం చూసి మడ్‌గార్డులు బిగిస్తున్నాడు, వాటి కింద ఏముందోనని మనవాడు వేలు పెట్టి మరీ తడిమాడు. వాటికీ ఒక రోజు రావద్దూ? నా చేతిలో పని, ఒక అరపూట కురిపించాను.

మైనం వానలో నిలవదన్న జెఫ్ మాట నిజమో కాదో మాత్రం నాకు తెలియదు. అది వాళ్లిద్దరూ తేల్చుకోవాలి. ఇంకా తేలలేదట.